క్యాంపర్ ట్రైలర్ తగిలించుకుని ఊడ్నడాటా ట్రాక్ మీద

సౌత్ ఆస్ట్రేలియాలో అడిలైడ్ నుంచి కోర్న్, హాకర్, లిండ్‌హర్స్ట్ మీదుగా మర్రీ చేరడానికి దాదాపు 680 కిలోమీటర్లు. మర్రీలో మొదలయ్యే ఊడ్నడాటా ట్రాక్ విలియం క్రీక్, ఊడ్నడాటా ఊళ్లు దాటి మార్లా దగ్గర స్టువర్ట్ హైవేలో కలుస్తుంది. ఆ ముక్క సుమారు 620 కిలోమీటర్లు, పొడవునా మట్టీ కంకరే. పిల్లల్ని తీసుకుని, వెనక క్యాంపర్ ట్రైలర్, అంటే గుడారం మడిచిపెట్టిన ట్రైలర్, తగిలించుకుని మేం పోయింది ఈ దారే. కాకపోతే మార్లా దాకా వెళ్లకుండా ఊడ్నడాటా నుంచి కూబర్ పీడీకి దిగాం. అది ఇంకో 195 కిలోమీటర్ల మట్టిరోడ్డు. అక్కణ్ణుంచి తారు హైవే మీద పోర్ట్ అగస్టా మీదుగా ఇల్లు.

వెళ్లొచ్చామని తెలిస్తే మనవాళ్లు అడిగే మొదటి మాట "ఏం కారు?" అని. నేల పొడిగా ఉండే చలికాలంలో ఈ ట్రాక్‌కి మంచి టైర్లున్న ఏ ఫోర్ వీల్ డ్రైవ్ అయినా చాలు. ఇబ్బంది పెట్టేది కారు కాదు, దాని వెనక వచ్చేది. కారులో తేడా వస్తే స్టీరింగ్ పట్టుకున్న చేతికి తెలుస్తుంది, చెవికి వినిపిస్తుంది. ట్రైలర్ టైరులో గాలి పోయినా, బేరింగ్ కాలుతున్నా, ట్యాంకులోంచి నీళ్లు కారిపోతున్నా ముందు కూర్చున్నవాళ్లకి చీమ కుట్టినట్టయినా ఉండదు. అద్దంలో దుమ్ము తప్ప ఇంకేమీ కనపడదు. అందుకే ఇందులో ఎక్కువ భాగం ట్రైలర్ గురించే.

ఏ ట్రైలర్, ఎంత బరువు

మడతపెట్టే క్యాంపర్లలో రెండు రకాలు. సాఫ్ట్ ఫ్లోర్ దాంట్లో గుడారం నేల కూడా గుడ్డే. మేకులు కొట్టి, గుంజలు నిలబెట్టి సర్దేసరికి అరగంట పడుతుంది. కానీ తేలిక, చవక, లోపల చోటు ఎక్కువ. హార్డ్ ఫ్లోర్ దాంట్లో మూత వెనక్కి తిప్పితే అదే నేల అవుతుంది, పది నిమిషాల్లో పడక సిద్ధం. బరువు ఎక్కువ, ధరా ఎక్కువే. ఒకేచోట నాలుగైదు రోజులు మకాం వేసేవాళ్లకి సాఫ్ట్ ఫ్లోర్ హాయి. ఈ ట్రాక్ మీద దాదాపు రోజూ మకాం మార్చాలి, జులైలో సాయంత్రం ఆరు దాటేసరికి చీకటి పడిపోతుంది. మా ఓటు హార్డ్ ఫ్లోర్‌కే.

ట్రైలర్ మీద బిగించిన రేకు చూస్తే టేర్, ఏటీఎం అని రెండు అంకెలు ఉంటాయి. టేర్ ఖాళీ బరువు. ఏటీఎం అంటే నిండా సర్దాక దాటకూడని బరువు. టేర్ 1,150, ఏటీఎం 1,600 అనుకుంటే సర్దుకోవడానికి మిగిలేది 450 కిలోలు. కొండంత ఉందనిపిస్తుంది గానీ లెక్క వేస్తే ఇట్టే అయిపోతుంది. నీళ్లు 80 లీటర్లంటే 80 కిలోలు. 9 కిలోల గ్యాస్ సిలిండర్ నిండుగా ఉంటే 18 కిలోల పైమాటే. నిండిన ఫ్రిజ్ 50, రెండో స్టెప్నీ 30, ఆపైన బ్యాటరీ, పరుపులు, వంటసామాను, జెర్రీ క్యాన్లు, పనిముట్లు. అన్నీ సర్దాక ఒకసారి వేబ్రిడ్జి ఎక్కించండి. అంచనాలు ఎప్పుడూ తక్కువే చెబుతాయి.

టో బాల్, అంటే కారు వెనక ట్రైలర్ తగిలించే ఇనుప గుండు, దాని మీద పడే బరువు ట్రైలర్ మొత్తం బరువులో పదో వంతు ఉండాలి. తక్కువైతే హైవే మీద తోక ఊపుతుంది, ఎక్కువైతే కారు వెనక కుంగి ముందు చక్రాల పట్టు పోతుంది. ఆ బరువు కారు జీవీఎంలో (నిండా సర్దాక కారు దాటకూడని బరువులో) కలుస్తుందన్న సంగతి చాలామంది మర్చిపోతారు. 160 కిలోలు బాల్ మీద ఉంటే, ఇద్దరు మనుషులు డిక్కీలో కూర్చున్నట్టే లెక్క. ఇంకో సంగతి, నీళ్ల ట్యాంకు ఇరుసుకి ముందు ఉందో వెనక ఉందో చూసుకోండి. ముందుంటే నీళ్లు వాడేకొద్దీ బాల్ బరువు తగ్గుతూ వస్తుంది. వెనకుంటే నిండుగా ఉన్నప్పుడు తగ్గుతుంది. బరువైన పెట్టెలు ఎటు సర్దాలో దాన్నిబట్టే తేలుతుంది.

ఆస్ట్రేలియాలో ట్రైలర్ 750 కిలోలు దాటితే బ్రేకులు తప్పనిసరి. 2,000 దాటితే అన్ని చక్రాలకీ బ్రేకులుండాలి, కారు నుంచి ఊడిపోతే దానంతటదే ఆగే బ్రేక్‌అవే కూడా ఉండాలి. క్యాంపర్లలో ఎలక్ట్రిక్ బ్రేకులే ఎక్కువ. వాటి కంట్రోలర్ గుండీ డ్రైవర్ దగ్గర ఉంటుంది. తారు మీద సరిపోయే బిగువు మట్టి మీద ఎక్కువైపోతుంది. బ్రేకు నొక్కగానే ట్రైలర్ చక్రాలు బిగుసుకుపోయి జారతాయి, టైరు ఒకచోటే అరుగుతుంది. మట్టిరోడ్డు ఎక్కగానే కొంత తగ్గించి, 40 కిలోమీటర్ల వేగంలో కంట్రోలర్ మీట చేత్తో నొక్కి చూడాలి. చక్రం బిగుసుకోకుండా బండి వెనక్కి లాగినట్టు అనిపిస్తే సరిపోయినట్టే.

కారుకీ ట్రైలర్‌కీ మధ్య ఉండే కప్లింగ్ మామూలు 50 మిల్లీమీటర్ల బాల్‌దైతే తారుకి పర్వాలేదు. వాగులు దిగి ఎక్కేచోట కారు ఒకవైపు, ట్రైలర్ ఇంకోవైపు ఒరిగితే దానికి తిరిగే వీలు తక్కువ. పాలీబ్లాక్ గానీ డీవో35 గానీ, ఆ ఆఫ్ రోడ్ రకం కప్లింగులైతే ఎటైనా తిరుగుతాయి.

కొత్త క్యాన్వాస్ అయితే బయల్దేరే ముందు ఇంట్లోనే గుడారం విప్పి, పైపుతో నిండా తడిపి, పూర్తిగా ఆరనివ్వాలి. ఇలా రెండు మూడు సార్లు చేయాలి. కుట్ల దగ్గర సూది చేసిన కన్నాలని తడికి ఉబ్బిన నూలుదారం పూడుస్తుంది. ఇది చేయని కొత్త గుడారం మొదటి వానకే కుట్ల వెంబడి కారుతుంది, జనం కంపెనీని తిట్టుకుంటారు.

ఇండియా నుంచి వచ్చి బండి అద్దెకి తీసుకుని వెళ్దామనుకునేవాళ్లకి ఒక్క మాట. చాలా అద్దె ఒప్పందాల్లో మట్టిరోడ్డు నిషేధం. ఫోర్ వీల్ డ్రైవ్ ఇచ్చినా సరే, ఏ ట్రాక్‌లకి అనుమతి ఉందో పేరుపేరునా రాయించుకోండి. సొంత బండైనా ఇన్సూరెన్స్ మట్టిరోడ్డుకి వర్తిస్తుందా, రోడ్‌సైడ్ కవర్ ట్రైలర్‌ని కూడా లాక్కొస్తుందా అన్నది అడగాలి. అక్కణ్ణుంచి బండిని లాక్కొచ్చే ఖర్చు వేల డాలర్లలో ఉంటుంది.

బేరింగ్లు

ట్రైలర్‌ని రోడ్డు పక్కన వదిలేసి రావలసిన పరిస్థితి తెచ్చేది ఎక్కువగా చక్రం బేరింగే. పడవ దించే ట్రైలర్లకి నీళ్ల వల్ల, వీటికి దుమ్ము, కుదుపుల వల్ల. బయల్దేరే ముందు ఇంట్లో చేసే పని ఇది.

చక్రాన్ని జాకీ మీద లేపి చేత్తో తిప్పాలి. గరగరమని శబ్దం వస్తే బేరింగ్ పోయినట్టే. తర్వాత టైరుని పైనా కిందా, గడియారంలో 12, 6 ఉండేచోట పట్టుకుని ఊపాలి. టకటకమని ఆడితే నట్టు వదులైంది లేదా బేరింగ్ అరిగింది. చక్రం విప్పి, డస్ట్ క్యాప్‌ని స్క్రూడ్రైవర్‌తో చుట్టూ కొద్దికొద్దిగా తట్టి తీయాలి. స్ప్లిట్ పిన్ను నిటారు చేసి లాగి, నట్టు, వాషర్, బయటి బేరింగ్ తీస్తే డ్రమ్ము మొత్తం చేతికి వస్తుంది. వెనకవైపు సీలు, లోపలి బేరింగ్ అందులోనే ఉంటాయి. పాత గ్రీజంతా కిరోసిన్‌తో కడిగి వెలుతురులో చూడాలి. రోలర్లు నీలిరంగు తేలాయంటే ఒకప్పుడు బాగా వేడెక్కాయన్నమాట. చిన్న గుంటలు పడినా పారేయాల్సిందే. బేరింగ్ మారిస్తే హబ్బులోపల దిగ్గొట్టి ఉండే కప్పు కూడా మార్చాలి. పాత కప్పులో కొత్త బేరింగ్ ఎక్కువకాలం నిలవదు.

గ్రీజు పైపైన పూస్తే లాభంలేదు. అరచేతిలో ముద్ద పెట్టుకుని, బేరింగ్ వెడల్పు అంచుతో ఆ ముద్దని గీరుతూ పోతే అవతలి అంచునుంచి రోలర్ల మధ్యగా గ్రీజు పైకి వస్తుంది. చుట్టూ అలా వచ్చేదాకా చేయాలి. వేడికి తట్టుకునే వీల్ బేరింగ్ గ్రీజే వాడాలి. సీలు ప్రతిసారీ కొత్తదే. పాత సీలు వేస్తే గ్రీజు బ్రేకు షూల మీదికి కారి ఆ వైపు బ్రేకు పోతుంది. బిగించేటప్పుడు డ్రమ్ము తిప్పుతూ నట్టు బిగించాలి. తిరగడం బరువైందనిపించగానే వెనక్కి వదిలి, మళ్లీ వేళ్లతో ఆనేంత మాత్రం బిగించి, దగ్గరున్న గాడిలో కొత్త స్ప్లిట్ పిన్ను వేయాలి. బిగుతుగా ఉంటే మంచిదని పానాతో బిగిస్తే వందా రెండువందల కిలోమీటర్లకే కాలిపోతుంది.

విడిగా ఒక పూర్తి సెట్టు, సీలుతో, పిన్నుతో, డస్ట్ క్యాప్‌తో, ముందే గ్రీజు పట్టించి గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకుంటాం. చిన్న ట్రైలర్లలో హోల్డెన్ రకం, ఫోర్డ్ స్లిమ్‌లైన్ రకం అని రెండు కొలతలు. బయటికి ఒకేలా ఉంటాయి, ఒకటి ఇంకోదాంట్లో పట్టదు. బరువైన ఆఫ్ రోడ్ ఇరుసులకి ప్యారలల్ బేరింగ్లు. మీ ట్రైలర్‌వి ఏవో విప్పి చూసి కొనండి. మర్రీలో అడిగితే దొరక్కపోవచ్చు.

దారిలో ఆగిన ప్రతిచోటా నాలుగు తలుపులూ తెరుచుకునేలోపు ఒకరు వెనక్కి వెళ్లి రెండు హబ్బుల మీదా చేతివెనక ఆనించి చూస్తారు. ఈ పని మా ఇంట్లో పిల్లలకి అప్పగించాం, వాళ్లు నాకంటే శ్రద్ధగా చేస్తారు. కొంచెం వెచ్చగా ఉండటం మామూలే. రెండిట్లో ఒకటే ఎక్కువ వేడిగా ఉంటే, చెయ్యి ఆనించలేకపోతే అక్కడే ఆగి జాకీ తీయాలి. బేరింగ్ కావచ్చు, వదలని బ్రేకు కావచ్చు. ఆ చేత్తోనే టైరు పక్కగోడ, షాక్ అబ్సార్బర్ కూడా తడిమి చూడాలి. చక్రాల నట్లు మట్టి మీద మొదటి 50 కిలోమీటర్లకి ఒకసారి, ఆపైన రోజూ పొద్దున టార్క్ రెంచితో బిగిస్తాం.

గాలి, వేగం, రాళ్లు

తారు మీద కారు టైర్లలో 38 పీఎస్ఐ నడిపేవాళ్లం. మర్రీ దాటగానే కారుకి 28, ట్రైలర్‌కి 26. రోడ్డు మరీ గతుకులుగా ఉన్నచోట ఇంకో రెండు తగ్గించాం. గాలి తగ్గితే టైరు మెత్తబడి రాయిని తనలోకి తీసుకుంటుంది, తెగదు. అయితే గాలి తగ్గించినప్పుడు వేగమూ తగ్గాలి. మేం 80 దాటలేదు, చాలాచోట్ల 60. తక్కువ గాలితో వేగంగా పోతే పక్కగోడలు వేడెక్కి విడిపోతాయి. సరిపోయిందో లేదో చూసే పద్ధతి సులువే. పొద్దున చల్లగా ఉన్నప్పుడు కొలిచి, గంట నడిపాక మళ్లీ కొలవాలి. నాలుగు పీఎస్ఐ పెరిగితే సరి. ఆరూ ఎనిమిదీ పెరిగిందంటే గాలి మరీ తక్కువైంది లేదా వేగం ఎక్కువైంది, టైరు ఉడుకుతోంది.

కరుగేషన్లంటే రోడ్డుకి అడ్డంగా వరసగా లేచే చిన్నచిన్న గట్లు. వేగంగా పోయే చక్రాలు ఎగిరెగిరి పడి చేసినవే ఇవి, గ్రేడర్ వచ్చి చెక్కేదాకా పెరుగుతూనే ఉంటాయి. "90లో పోతే పైపైన తేలిపోతావు" అని చెప్పేవాళ్లుంటారు. కారు మాట నిజమే కావచ్చు. టైరు నేలకి ఆనని బండి మలుపులో నిలవదు, ట్రైలర్ అంతకంటే ముందే పక్కకి జారుతుంది. వంద కిలోమీటర్లకో అరగంట ఆపితే షాక్ అబ్సార్బర్లు చల్లబడతాయి, పిల్లలూ కాళ్లు చాపుకుంటారు.

ట్రైలర్ టైర్లకి ప్రెజర్ సెన్సర్లు పెట్టించడం ఈ ప్రయాణంలో పెట్టిన ఖర్చుల్లోకెల్లా దండగ కానిది. చిన్న కన్నం పడ్డ ట్రైలర్ టైరుని డ్రైవరు పసిగట్టేలోపు అది పేలికలైపోతుంది, అప్పుడు ప్లగ్గులతో అతికించడానికి ఏమీ మిగలదు. సెన్సర్ కూత పెట్టగానే ఆగితే ఒక ప్లగ్గు, పది నిమిషాల కంప్రెసర్ పని. ట్రైలర్‌కీ కారుకీ ఒకే కొలత చక్రం, ఒకే స్టడ్ ప్యాటర్న్ (చక్రం బిగించే బోల్టుల అమరిక) ఉంటే రెండు స్టెప్నీలు నాలుగింటి పని చేస్తాయి. కొనేటప్పుడే దీన్ని చూసుకోవాలి. మా రెండిటికీ ఆరు స్టడ్లు, 139.7 మిల్లీమీటర్లు.

కారు వెనక అద్దం పగలడం ఇక్కడ చాలామందికి అర్థంకాని నష్టం. వెనక ఏ బండీ లేదు, ఎదురుగా ఎవరూ రాలేదు, అద్దం మాత్రం పొడిపొడి. కారు వెనక చక్రాలు ఎగరేసిన రాయి ట్రైలర్ ముందు రేకుకి తగిలి వెనక్కొచ్చి అద్దం మీద పడుతుంది. కారు మడ్‌ఫ్లాప్‌లు పెద్దవి పెట్టించి, ట్రైలర్ ముందుకి చాచుకుని ఉండే డ్రాబార్ మీద రాయి వేగాన్ని మింగే మెత్తని జాలీ వాలుగా కట్టాలి. దానికితోడు అద్దం బయటివైపు అట్టముక్కో ఫోమో టేపుతో అంటించేస్తాం. చూడటానికి దరిద్రంగా ఉంటుంది, ఉండనీ. ట్రైలర్ కింద నీళ్ల గొట్టం, గ్యాస్ గొట్టం, బ్రేకు వైర్లకి చీల్చిన రబ్బరు గొట్టం తొడిగి కట్టాలి, లేదంటే రాళ్లకి అవే ముందు పోతాయి.

కుదుపు లోపల చేసే పనులు ఇంకా చిత్రం. ఫ్రిజ్‌లో అల్యూమినియం కూల్‌డ్రింక్ డబ్బాలు ఒకదానికొకటి రాసుకుని కన్నాలు పడతాయి. సాయంత్రం తెరిస్తే ఫ్రిజ్ అడుగున జిగురు. డబ్బాల మధ్య గుడ్డలు పెట్టాలి, లేదా సీసాలు ప్లాస్టిక్‌వి తేవాలి. నూనె సీసా మూతలు వాటంతటవే విప్పుకుంటాయి. బ్యాటరీ టెర్మినళ్లు, సోలార్ వైర్ల స్క్రూలు వదులవుతాయి, వాటికి ముందే లాక్‌టైట్ (మరలు వదులవకుండా పట్టే జిగురు) చుక్క వేయడం మేలు. దుమ్ము మాత్రం ఎన్ని సీళ్లు మార్చినా వస్తుంది. వంట డ్రాయర్‌లో ప్రతి డబ్బా జిప్ సంచిలో ఉండాలి, పరుపు మీద తెరిచే ముందు తీసేసే పాత దుప్పటి ఒకటి పరచాలి.

కరెంటు, నీళ్లు, వంట

40 లీటర్ల 12 వోల్టుల ఫ్రిజ్ చలికాలంలో రోజుకి 25 నుంచి 35 యాంపియర్ అవర్లు తాగుతుంది. లైట్లు, ఫోన్లు, నీళ్ల పంపు కలిపి ఇంకో 10. 100 యాంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ అయితే ఎండ లేకపోయినా దాదాపు రెండ్రోజులు లాగొచ్చు. కారు నడుస్తున్నప్పుడు కారునీ ట్రైలర్‌నీ కలిపే యాండర్సన్ ప్లగ్గు ద్వారా డీసీ-డీసీ చార్జర్ దాన్ని నింపుతుంది. 25 యాంపియర్ల చార్జరైతే నాలుగు గంటల ప్రయాణం చాలు. చార్జర్ ట్రైలర్‌లో బ్యాటరీ పక్కనే ఉండాలి, కారు నుంచి వచ్చే తీగ లావుగా ఉండాలి. సన్నతీగ పెడితే దారిలోనే వోల్టేజి పడిపోయి చార్జరు మాటిమాటికీ ఆగిపోతుంది. 200 వాట్ల సోలార్ పలకని నేలమీద నిలబెట్టేటప్పుడు ఇక్కడ సూర్యుడు ఉత్తరాన ఉంటాడన్నది గుర్తుంచుకోండి. ఇండియాలో మేడమీద ప్యానెళ్లు చూసినవాళ్లు అలవాటుగా దక్షిణానికి తిప్పేస్తారు.

నీళ్లకి మా లెక్క తాగడానికే మనిషికి రోజుకి 5 లీటర్లు, వంటకీ గిన్నెలకీ ముఖాలు కడుక్కోవడానికీ కలిపి ఇంటికి 15. నలుగురికి రోజుకి 35 లీటర్లు. ట్యాంకులో 80, విడిగా 20 లీటర్ల నీలం జెర్రీ క్యాన్లు రెండు. మొత్తం ఒకే ట్యాంకులో పెట్టకూడదు, ఒక్క రాయి దెబ్బకి అన్నీ పోతాయి. దారిలో బోర్ నీళ్లు దొరుకుతాయి గానీ చాలావాటిలో ఉప్పు ఎక్కువ, తాగడానికి కాదు. గిన్నెల్ని ముందు పేపరుతో తుడిచి ఆ తర్వాత కడిగితే సగం నీళ్లు మిగులుతాయి.

మన వంటకి మూడు లీటర్ల ప్రెషర్ కుక్కరు మించిన సామాను లేదు. పప్పూ అన్నం ఒకేసారి గిన్నెల్లో పెట్టొచ్చు, గ్యాసూ నీళ్లూ కలిసొస్తాయి, గాలికి మంట ఆరినా లోపలి వేడికి ఉడుకుతూనే ఉంటుంది. రవ్వ ఇంట్లోనే పోపు వేసి వేయించుకుపోతే పొద్దున ఉప్మాకి మరిగే నీళ్లు తప్ప ఏమీ అక్కర్లేదు. పులిహోర గుజ్జు, కందిపొడి, గోంగూర పచ్చడి ఫ్రిజ్ చోటు అడగవు. మెల్‌బోర్న్, సిడ్నీల నుంచి వచ్చేవాళ్లు ఒకటి గమనించాలి. పండు ఈగ భయంతో సౌత్ ఆస్ట్రేలియాలోకి పళ్లూ చాలా కూరగాయలూ తేనివ్వరు. టమాటా, పచ్చిమిర్చి, వంకాయ అన్నీ అందులోకే వస్తాయి. స్టర్ట్ హైవే మీద యాంబా దగ్గర బండి ఆపి వెతుకుతారు. సరిహద్దు దాటాకే కొనుక్కుని రసీదు దాచుకోండి.

రాత్రి చలి సున్నా దగ్గరికి పోతుంది. ఎంత చలైనా గుడారంలో గ్యాస్ హీటరు వెలిగించవద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. కిటికీ జిప్పు బెత్తెడు తెరిచి పడుకుంటే ఊపిరి తేమ గుడ్డకి పట్టి పొద్దున్నే ముఖాల మీద కారదు.

దారి

ఈ రోడ్డు ఇలా వంకరగా ఎందుకు పోతుందంటే నీళ్ల వల్ల. గ్రేట్ ఆర్టీసియన్ బేసిన్ అనే భూగర్భ జలాశయం నీళ్లు పైకి ఉబికే ఊటలు ఇక్కడ వరసగా ఉన్నాయి. 1872లో పూర్తయిన టెలిగ్రాఫ్ తీగ వాటి వెంటే పోయింది, ఆవిరి ఇంజన్లకి నీళ్లు కావాలి కాబట్టి పాత ఘాన్ రైలు మార్గమూ వాటి వెంటే పోయింది. 1980లో ఆ మార్గం మూతపడింది, పాడుబడ్డ స్టేషన్లు మిగిలాయి. మధ్యాహ్నం అన్నానికి వాటి నీడ బాగుంటుంది. అయితే బండిని పాత రైలుకట్ట మీదికి ఎక్కించవద్దు. పట్టాలు బిగించిన ఇనుప మేకులు ఇంకా మట్టిలో ఉన్నాయి, టైర్లకి అవే యముళ్లు. ఘాన్ అన్న పేరు ఒంటెలు తోలిన "అఫ్గాన్"ల నుంచి వచ్చిందంటారు. వాళ్లలో చాలామంది బలూచిస్తాన్, పంజాబ్ వైపు నుంచి వచ్చినవాళ్లే. మర్రీలో వాళ్లు కట్టుకున్న మట్టి మసీదు నమూనా ఉంది.

మర్రీ నుంచి విలియం క్రీక్ 204 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి ఊడ్నడాటా 203. రోజుకి ఒక్క అంగ మాత్రమే పెట్టుకోవాలి. ట్రైలర్‌తో డీజిల్ 100 కిలోమీటర్లకి 15 నుంచి 18 లీటర్లు పోతుంది, ఎదురుగాలి ఉంటే పై అంకే ఖాయం. మూడు ఊళ్లలోనూ దొరుకుతుంది, సగం ఉన్నా సరే ప్రతిచోటా నింపండి. ఒక 20 లీటర్ల క్యాను విడిగా ఉంటే నిశ్చింత.

మర్రీ దాటాక డింగోలని (అడవి కుక్కలని) ఆపే పొడవాటి కంచె అడ్డం వస్తుంది. తర్వాత కాటి థాండా-లేక్ ఐర్ దక్షిణ భాగం రోడ్డు పక్కనుంచే కనిపిస్తుంది. సముద్రమట్టానికి సుమారు 15 మీటర్ల దిగువన ఉన్న ఉప్పు మైదానం. ఇక్కడి ఆదివాసులైన అరబానా ప్రజలకి అది పవిత్రం, ఉప్పు మీదికి దిగి నడవద్దని వాళ్లు కోరతారు. పై పొర కింద బురదే కాబట్టి బండి దించినవాళ్లు ఎలాగూ బయటికి రారు. మర్రీ నుంచి 130 కిలోమీటర్ల దగ్గర కవార్డ్ స్ప్రింగ్స్‌లో మకాం వేశాం. గోరువెచ్చని ఊటనీళ్ల తొట్టి ఉంది, ఆ దుమ్ములో పిల్లల్ని అందులోంచి బయటికి లాగడం కష్టం. దానికి కొంచెం ముందే బబ్లర్ అనే ఊట, నీళ్లు ఇసుకని కుతకుతలాడిస్తూ పైకి తన్నుతాయి. ఆ పక్కదారి గతుకులు చూసి ట్రైలర్‌ని క్యాంపులో విప్పి వెళ్లడం మంచిది.

విలియం క్రీక్ దాటాక ఆల్జబకినా వంతెన. 1892లో నీల్స్ నది మీద కట్టిన ఇనుప రైలు వంతెన, అర కిలోమీటరు పైచిలుకు పొడవు. రాత్రి మకాం పశువులు నీళ్లు తాగే తొట్ల దగ్గర మాత్రం వేయకూడదు. మనుషులుంటే పశువులు నీళ్లకి రావు.

ఊడ్నడాటాలో 1960 జనవరి 2న 50.7 డిగ్రీలు నమోదైంది, ఆస్ట్రేలియాలో అంతకు మించింది ఇప్పటికీ లేదు. మే నుంచి సెప్టెంబరు మధ్యలోనే ఈ దారి అని అందరూ చెప్పేది అందుకే.

కూబర్ పీడీలో ఓపల్ అనే రత్నం 1915లో దొరికింది. ఊరి చుట్టూ తవ్వి వదిలేసిన నిలువు గుంటలు లెక్కలేనన్ని ఉన్నాయి, మూతలుండవు. ఫోటో కోసం వెనక్కి అడుగువేయవద్దని బోర్డులే పెట్టారు. పిల్లల చెయ్యి వదలకూడని చోటు ఏదైనా ఉంటే అదే. భూమి లోపలి ఇళ్లూ చర్చీలూ చూసి, ట్యాంకు నింపుకుని, టైర్లలో మళ్లీ గాలి పెంచి హైవే ఎక్కాలి. 28 పీఎస్ఐతో తారు మీద 100లో పోతే టైర్లు దక్కవు.

హైవే మీద 53.5 మీటర్ల రోడ్ ట్రైన్లు, అంటే వరసగా ట్రైలర్లు తగిలించుకున్న లారీలు, తిరుగుతాయి. యూహెచ్ఎఫ్ రేడియో 40వ ఛానెల్లో పెట్టుకుంటే వెనకనుంచి వచ్చేవాడు దాటుతున్నానని ముందే చెబుతాడు. మట్టిమీద ఎదురైతే ఎడమకి జరిగి, దాదాపు ఆగి, దుమ్ము తగ్గేదాకా కదలకూడదు. ఆ దుమ్ము వెనక ఇంకో బండి ఉండొచ్చు. సూర్యుడు వాలేలోపు మకాం చేరాలి, కంగారూలూ పశువులూ రోడ్డెక్కేది అప్పుడే.

వాన పడితే ఈ లెక్కలేవీ పనిచేయవు. పది మిల్లీమీటర్లకే బంకమట్టి చక్రాలకి చుట్టుకుని మడ్‌గార్డు నిండిపోతుంది, రోడ్డు మూసేస్తారు. మూసిన రోడ్డు మీద నడిపితే భారీ జరిమానా. రోజూ పొద్దున రాష్ట్ర రవాణా శాఖ రోడ్ల బులెటిన్ చూసి, ఊళ్లో డీజిల్ పోసేవాళ్లని కూడా అడగాలి. రెండు రోజుల తిండీ నీళ్లూ ఎప్పుడూ ఎక్కువ ఉంచుకుంటే ఆగిపోవడం కష్టమనిపించదు. ఊళ్ల మధ్య ఫోన్ సిగ్నల్ ఉండదు. శాటిలైట్ ఫోన్ లేకపోతే కనీసం 406 మెగాహెర్ట్జ్ పీఎల్‌బీ, అంటే ఆపదలో ఉపగ్రహానికి సంకేతం పంపే చిన్న పరికరం, ఉండాలి. బండి చెడితే బండి దగ్గరే ఉండాలి, నీడా నీళ్లూ అక్కడే ఉన్నాయి. వెతికేవాళ్లకి విమానంలోంచి కనపడేదీ బండే.

ఇంటికొచ్చాక వారంలోపు చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. క్యాన్వాస్ తడిగా మడిచి ఉంటే రెండ్రోజుల్లోనే విప్పి ఆరబెట్టాలి, లేకపోతే నల్లటి బూజు పడుతుంది, అది పోదు. జిప్పుల దుమ్ము బ్రష్‌తో దులిపి సిలికాన్ స్ప్రే కొట్టాలి. ట్రైలర్ అడుగుభాగం గొట్టంతో కడగాలి. చివరగా రెండు హబ్బులూ మళ్లీ విప్పి చూడాలి. గ్రీజులో ఎర్రమట్టి కనిపిస్తే సీలు లోపలికి దుమ్ము రానిచ్చిందన్నమాట, ఆ బేరింగ్‌ని తుడిచి మళ్లీ వాడే ఆలోచన పెట్టుకోకుండా కొత్తది వేసేయండి.